పరిచర్యలో ఫలాపేక్ష

ఫలాన్ని ఆశించకుండా చేసే కర్మే ఉత్తమమని గీత చెప్పిన మాట తెలుగునాట ఎంతగా జీర్ణించుకుపోయిందంటే, రోగికి సేవ చేసినవారిని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు ‘ఏమీ ఆశించకుండా చేశారు’ అన్న మాటే అందరికీ ముందుగా నోటికి వస్తుంది. ఇటువంటి సమాజానికి, ఏ పరిచర్య ఎంత ఫలమిస్తుందో ముందుగా లెక్కగట్టి, ఆ లెక్క తేల్చిన ప్రకారమే రోగిని చూసుకోవాలని చెప్పే పద్ధతి కొంత వింతగానూ కొంత కర్కశంగానూ తోచడంలో ఆశ్చర్యం లేదు. నర్సింగ్ కళాశాలల్లో నేడు ‘ఎవిడెన్స్ బేస్డ్ నర్సింగ్’ పేరుతో బోధిస్తున్నది ఈ పద్ధతినే. అలవాటు వల్లనో పెద్దలు చెప్పడం వల్లనో కాక, పరీక్షకు నిలిచిన ఆధారాన్ని బట్టి పరిచర్యను ఎంచుకోవడం దాని సారం. ఫలాన్ని వదలమన్న బోధకూ ఫలాన్ని చూడమన్న శాస్త్రానికీ పొత్తు కుదురుతుందా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, దానిని ఆసుపత్రి పాలనకు మాత్రమే విడిచిపెట్టడం సరికాదు.

ఈ ప్రశ్నను పాలకొల్లు వంటి ఊళ్ళో నిలబెట్టి చూస్తే అది మరింత స్పష్టమవుతుంది. పంచారామాలలో ఒకటైన క్షీరారామం ఇక్కడిది. పాల కోసం తపించిన ఉపమన్యుడనే బాలునికి శివుడు పాలను అనుగ్రహించాడన్న స్థలపురాణం ఈ క్షేత్రానిది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ప్రచారకులతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లోనే వేళ్ళూనుకొంది. దీనులకు చేసిన సేవ దైవసేవే అన్న భావం ఈ రెండు సంప్రదాయాలలోనూ ఉంది. ఇక ఈ నేల మీద తరతరాలుగా పాతుకుపోయిన ఒక వ్యాధి కూడా ఉంది. దానికి చేయవలసిన పరిచర్య పాదప్రక్షాళనతోనే మొదలవుతుంది కనుక, భక్తీ శాస్త్రమూ ఒకే పళ్ళెం దగ్గర కలుసుకొనే అరుదైన సందర్భం ఇక్కడ దొరుకుతుంది.

ఆ వ్యాధి బోదకాలు, వైద్యులు ఫైలేరియా అనేది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు శరీరంలో చేరే సన్నని దారపు పురుగులు శోషరస నాళాలలో, అంటే కణాల మధ్య ఊరే ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే గొట్టాలలో, కాపురం పెట్టి వాటిని పాడుచేస్తాయి. ద్రవం పైకి పోలేక కాలిలోనే నిలిచిపోతుంది. అయితే కాలు అంతకంతకూ పెరగడానికి పురుగు ఒక్కటే కారణం కాదు. వాచిన కాలి వేళ్ళ సందుల్లో చర్మం నాని, ఒరిసి, చీలినప్పుడు ఆ చీలికల గుండా సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి. అప్పుడు చలిజ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రబడి మండుతుంది. అటువంటి జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ కాలి లావు మరికొంత పెరుగుతుంది. ప్రభుత్వం ఏటా ఇంటింటికీ పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు వ్యాధి ఒకరి నుంచి మరొకరికి వ్యాపించకుండా ఆపడానికి ఉద్దేశించినవి. ఇప్పటికే వాచిపోయిన కాలిని అవి తగ్గించలేవు. ఆ కాలికి కావలసింది మాత్ర కంటే ఎక్కువగా పరిచర్య.

ఆ పరిచర్య చూడడానికి అతి సామాన్యంగా ఉంటుంది. రోజూ మంచినీటితో, సబ్బుతో కాలిని మోకాలి దాకా కడగాలి. చర్మపు మడతల లోపల, వేళ్ళ సందుల్లో, గట్టిగా రుద్దకుండా వేలి కొసతో శుభ్రం చేయాలి. కడిగిన తరువాత మెత్తని నూలుగుడ్డతో అద్ది, ముఖ్యంగా వేళ్ళ మధ్య, తడి మిగలకుండా ఆరబెట్టాలి. ఎక్కడైనా చీలిక కనిపిస్తే లేపనం పూయాలి; పడుకున్నప్పుడు కాలికింద ఎత్తు పెట్టాలి, బయటికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేయించాలి. బ్రెజిల్ దేశంలోని రెసిఫె నగరంలో జెరూసా డ్రేయర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఈ పద్ధతికి ఒక క్రమం ఏర్పరచి ప్రచారం చేశారు. సబ్బూ నీళ్ళతో ఇంత పెద్ద వ్యాధి దారికొస్తుందా అన్న సందేహం రోగులకే కాదు, చాలాకాలం వైద్యులకూ ఉండేది. ఆ సందేహానికి సమాధానం ఒక రోగిని చూసి చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే కడిగిన నెలలో జ్వరం రాకపోవడం కడగడం వల్లనా, ఆ నెలలో జ్వరం ఎలాగూ రాకపోయి ఉండేదా అన్నది ఆ ఒక్క కాలు చెప్పజాలదు.

ఇక్కడే క్రమబద్ధ సమీక్ష అవసరమవుతుంది. సిస్టమాటిక్ రివ్యూ అని పిలిచే ఈ ప్రక్రియలో, ఒక ప్రశ్నను ముందుగానే నిర్దిష్టంగా రాసిపెట్టుకొని, దానిపై లోకంలో ఎక్కడ ఏ అధ్యయనం జరిగినా, అది అనుకూలమైనదైనా ప్రతికూలమైనదైనా, అచ్చయినా కాకపోయినా వెతికి పట్టుకొని, ప్రతిదానిలోని లోపాలను ఒకే కొలతతో తూచి, కలపదగిన ఫలితాలను కలిపి, చివరకు తేలిన మాటను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెబుతారు. తనకు నచ్చిన నాలుగు వ్యాసాలను ఏరుకొని రాసే సమీక్షకూ దీనికీ ఉన్న తేడా, పూర్వపక్షాన్ని పూర్తిగా వినిపించాక సిద్ధాంతం చెప్పే వాదానికీ ప్రతివాది లేని సభలో చేసే ప్రసంగానికీ ఉన్న తేడా వంటిది. బోదకాలు పరిచర్యపై ఇటువంటి సమీక్ష 2015లో వెలువడింది. అది 22 అధ్యయనాలను పరిశీలించి, శుభ్రత ఆధారంగా కాలిని చూసుకొనే వారిలో ఆ జ్వరాలు వచ్చే అవకాశాల నిష్పత్తి సుమారు మూడింట ఒక వంతుకు తగ్గినట్లు తేల్చింది. వాటిలో చాలా అధ్యయనాలకు సరైన పోలిక బృందం లేదని, అందువల్ల ఆధారం అంత బలమైనది కాదని కూడా అదే సమీక్ష చెప్పింది. తన మాటకు తానే హద్దు గీసుకొనే ఈ స్వభావమే ఈ ప్రక్రియలో గౌరవించదగిన గుణం.

భారతీయ తర్కంలో ఈ ఆలోచనకు పునాదులు లేకపోలేదు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహంతో చదువు మొదలుపెట్టే విద్యార్థికి మొదట ఎదురయ్యే ఉదాహరణ పొగను చూసి నిప్పును ఊహించడం. పొగ ఉన్నచోట నిప్పు ఉండి తీరుతుందన్న నియత సంబంధానికి వ్యాప్తి అని పేరు. అయితే నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని తిప్పి చెబితే అది చెల్లదు. ఎందుకంటే పొగ రావడానికి తడికట్టె తోడు కావాలి. ఇలా పైకి కనిపించని మరో నిమిత్తాన్ని నైయాయికులు ఉపాధి అన్నారు. కాలు కడుక్కొనేవారు చదువుకున్నవారో, ఇంట్లో మంచినీటి కుళాయి ఉన్నవారో, పొలంలో దిగని వారో అయితే, జ్వరాలు తగ్గడానికి కారణం కడగడమా ఆ సౌకర్యమా అని అధ్యయనకారులు అడిగే ప్రశ్న సరిగ్గా ఈ ఉపాధిని వెతకడమే. రోగులను చీటీ తీసినట్లు యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విడదీసే పరీక్షలు పుట్టింది తెలిసిన ఉపాధులతో పాటు తెలియనివాటిని కూడా రెండు వైపులా సమం చేయడానికే.

ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. న్యాయదర్శనంలో ఒక్క చోట నియమం తప్పినా, దానినే వ్యభిచారం అంటారు, వ్యాప్తి చెడిపోతుంది. వైద్యంలో నియమం తప్పని సంబంధం దాదాపు లేదు. శ్రద్ధగా కడిగిన కాలికీ జ్వరం రావచ్చు, కడగని కాలు ఏడాదంతా నెమ్మదిగా ఉండనూ వచ్చు. అంటే పరిచర్య నిలబడేది తప్పనిసరి సంబంధాల మీద కాదు, ఎక్కువ తక్కువల మీద. ‘ఎంతమందిలో, ఎంత ఎక్కువ’ అన్న ప్రశ్నకు లెక్క అవసరమని మన తర్కశాస్త్రం ఆనాడు భావించలేదు. ఆధునిక శాస్త్రం అక్కడ కొత్తగా చేర్చినది చాలా పెద్దది, దాన్ని ఒప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

పెద్దల మాట విషయంలోనూ ఇలాగే నిదానించవలసి ఉంటుంది. ఆప్తవాక్యం, అంటే ఉన్నదాన్ని ఉన్నట్లు తెలిసి ఉన్నట్లు చెప్పేవారి మాట, నైయాయికులకూ చరకునికీ ప్రమాణమే. వార్డులో కొత్తగా చేరిన నర్సుకు ఆప్తులు సీనియర్ సిస్టర్లు. మంచాన పడిన రోగికి పడకపుండ్లు రాకుండా ఒంటికి స్పిరిట్ రాసి, పౌడరు చల్లి, ఎముక తేలిన చోట బాగా రుద్దాలని వారు చెబితే తరాల తరబడి నర్సులు చేతులు నొప్పిపుట్టేలా రుద్దారు. ఆపరేషనుకు ముందు బ్లేడుతో వెంట్రుకలు గీయడం, కాన్పుకు వచ్చిన స్త్రీకి ఎనిమా ఇవ్వడం కూడా అలాగే ఆచారాలయ్యాయి. క్రమబద్ధ సమీక్షలు వీటిని ఒక్కొక్కటిగా తూచినప్పుడు, బ్లేడుతో గీసిన చోట క్లిప్పరుతో కత్తిరించిన చోటి కంటే పుండు చీము పట్టడం ఎక్కువని, ఎనిమా వల్ల తల్లికిగాని బిడ్డకుగాని చెప్పుకోదగ్గ మేలు లేదని తేలింది. ఆ సిస్టర్ల మనసులో ద్రోహం లేదు. ప్రేమ నిండుగా ఉంది. ప్రేమ ఉన్నంత మాత్రాన జ్ఞానం దానంతట అది రాదు.

ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ పసిపిల్లలది. బిడ్డను బోర్లా పడుకోబెట్టడం మేలన్న సలహా పాశ్చాత్య దేశాల్లో దాదాపు అర్ధ శతాబ్దం చలామణి అయింది. ఆ విషయంపై అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2005లో ఒకచోట చేర్చి చూసినవారు, 1970 నాటికే అందుబాటులో ఉన్న సమాచారాన్ని ఎవరైనా క్రమంగా సమీకరించి ఉంటే బోర్లా పడుకోవడం ప్రమాదమని అప్పుడే తెలిసేదని, ఒక్క బ్రిటన్‌లోనే 10,000కు పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రలేషియాలు కలిపి కనీసం 50,000 శిశుమరణాలను ఆపగలిగేవారని అంచనా వేశారు. ఆ సలహా ఇచ్చినవారెవరూ ఫలాన్ని ఆశించి ఇవ్వలేదు. తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకపోవడం కూడా కర్మే, దానికీ ఫలం ఉంటుందన్న నిజం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఈ దృష్టితో గీతాబోధను మళ్ళీ చూడాలి. కర్త వదలవలసిన ఫలం ఏది? తనకు రావలసిన పేరు, పుణ్యం, కృతజ్ఞత, తాను మంచివాడినన్న తృప్తి. ఇవన్నీ సేవకుని ఫలాలు, వాటిని వదులుకొనే హక్కు సేవకునికి ఉంది. రోగికి జ్వరం తగ్గడం రోగి ఫలం, దానిని త్యాగం చేసే అధికారం సేవకునికి ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. ‘నా ధర్మం నేను చేశాను, ఫలితం దైవాధీనం’ అన్న మాట తన లాభనష్టాల గురించి అన్నప్పుడు వైరాగ్యం, ఎదుటివారి కాలి గురించి అన్నప్పుడు అలక్ష్యం. కర్మలో నైపుణ్యాన్ని యోగమన్న గ్రంథమూ, లోకసంగ్రహం కోసం పనిచేయమన్న గ్రంథమూ అదే గీత కనుక, రోగి ఫలాన్ని లెక్కగట్టే నర్సు నిష్కామకర్మకు దూరం కాదు. పైగా తాను నమ్మి ఇన్నాళ్ళు చేసిన పని నిరుపయోగమని తేలినప్పుడు దాన్ని వదిలిపెట్టడం కంటే కఠినమైన ఫలత్యాగం ఆమెకు మరొకటి లేదు. చరకసంహిత సూత్రస్థానంలో పరిచారకునికి చెప్పిన నాలుగు గుణాలలో ఉపచారజ్ఞత, అంటే పరిచర్య తెలిసి ఉండడం, మొదటిది. దక్షత, అనురాగం, శౌచం ఆ తరువాత వస్తాయి.

గోదావరి డెల్టాకు సంబంధం ఉన్న మరొకరు ఇదే ప్రశ్నను తన మతం వైపు నుంచి ఎదుర్కొన్నారు. ఆమె ఫ్లోరెన్స్ నైటింగేల్. దీపం పట్టుకొని వార్డుల్లో తిరిగిన కరుణామూర్తిగా ఆమె పటం ప్రతి నర్సింగ్ కళాశాలలోనూ ఉంటుంది, కాని 1858లో లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమేనన్న సంగతి ఆ పటం చెప్పదు. ఆమె ఎన్నడూ భారతదేశానికి రాలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళులు పంపించి, వచ్చిన జవాబులను కుప్పవేసి, వడపోసి, సైనికులలో వెయ్యికి 69 మంది ఏటా చనిపోతున్నారని, అందులో అధికభాగం మురుగు, కలుషిత జలం, ఇరుకు వల్లనేనని 1863 నాటి నివేదిక ద్వారా నిరూపించడంలో ముఖ్యపాత్ర వహించారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌ను ఆమె ఎంతో ఆదరించి, ఆయన జలవనరుల వాదాన్ని తన రచనల్లో గట్టిగా బలపరిచారు. నీరు తేవడంతో పాటు మురుగు పోయే దారి కూడా ఉండాలని ఆమె పట్టుబట్టడం, దోమ ద్వారా బోదకాలు వస్తుందని తెలియని కాలంలోనిదైనా, పాలకొల్లు పరిసరాల మురుగుకాలువలను చూసినవారికి ఈనాటికీ సూటిగా తగిలే మాటే.

ఆమెకు గణాంకాలు మతానికి బయటి విషయం కాదు. 1860లో కొద్దిమంది కోసమే అచ్చువేయించుకొన్న తాత్త్విక గ్రంథంలో ఆమె ఈశ్వరుడు నియమాల ద్వారానే లోకాన్ని నడుపుతాడని, ఆ నియమాలు ఒక్క సంఘటనలో కాక అనేక సంఘటనల సరాసరిలో బయటపడతాయని, కనుక వాటిని లెక్కించి తెలుసుకోవడమే ఆయన సంకల్పాన్ని తెలుసుకొనే మార్గమని వాదించారు. మురుగంతా నదిలోకి వదులుతూ అంటువ్యాధి నుంచి కాపాడమని ప్రార్థించడంలో ఆమెకు భక్తి కనిపించలేదు. ఈశ్వరుణ్ణి నియమాలకే పరిమితం చేసే ఆమె సిద్ధాంతాన్ని క్షీరారామ భక్తులుగాని డెల్టా క్రైస్తవులుగాని యథాతథంగా ఒప్పుకోకపోవచ్చు. లెక్కను కూడా ఒక ఆరాధనగా భావించవచ్చునన్న ఆమె అంతర్దృష్టి మాత్రం ఏ మతంవారికైనా తీసుకోదగినదే.

అయితే ప్రార్థననే లెక్కలో తూచవచ్చునా? ఆ ప్రయత్నమూ జరిగింది. ఇతరులు రోగి కోసం చేసే ప్రార్థనపై కోక్రేన్ సంస్థ, అంటే వైద్యరంగంలో క్రమబద్ధ సమీక్షలు చేయించడం కోసం 1993లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ, ప్రచురించిన సమీక్ష 10 అధ్యయనాలను పరిశీలించి, స్పష్టమైన ప్రభావమేదీ కనిపించలేదని, ఇటువంటి పరీక్షలు ఇకపై చేయనక్కరలేదని అభిప్రాయపడింది. వాటిలో ఒకటి 2006లో అమెరికాలో గుండె ఆపరేషను జరిగిన 1802 మందిపై వెలువడిన అధ్యయనం. తమ కోసం ప్రార్థిస్తారో లేదో తెలియని వారిలో, ప్రార్థన జరిగినవారికీ జరగనివారికీ చిక్కులు దాదాపు సమానంగా, 52, 51 శాతంగా ఉండగా, తప్పక ప్రార్థిస్తున్నారని చెప్పించుకొన్నవారిలో అవి 59 శాతానికి పెరిగాయి.

దీనితో ప్రార్థన నిరర్థకమని తేలిందని సంబరపడేవారూ, దైవాన్ని పరీక్షించడమే పాపమని కోపగించేవారూ ఇద్దరూ తొందరపడుతున్నట్లే. కనిపించకపోవడం ఎప్పుడు లేకపోవడానికి ప్రమాణమవుతుందన్న విషయాన్ని భాట్ట మీమాంసకులు చాలా సూక్ష్మంగా చర్చించారు. ఉండి ఉంటే తప్పక కనిపించే పరిస్థితిలో కనిపించకపోతేనే అది లేదని చెప్పవచ్చునన్న ఆ నియమానికి యోగ్యానుపలబ్ధి అని పేరు. అపరిచితుడు చేసిన ప్రార్థన ఆపరేషను చిక్కులను తగ్గిస్తుందన్న ప్రతిజ్ఞ కొలతకు అందేది కనుక, ఇంతమందిలో కనిపించకపోతే దాన్ని వదులుకోవలసిందే. మంచం పక్కన కూర్చొని తల్లి చేసుకొనే ప్రార్థన ఆమెకిచ్చే నిబ్బరం ఆ కొలతలో లేనే లేదు, కాబట్టి దానిపై ఆ సమీక్షకు తీర్పు చెప్పే అధికారం లేదు. ఇదే నియమం నర్సుకు రెండో వైపు నుంచీ వర్తిస్తుంది: పడకపుండ్లు రాకుండా రుద్దడంపై సమీక్ష చేసినవారికి లెక్కలోకి తీసుకోదగిన అధ్యయనం ఒక్కటీ దొరకలేదు, అక్కడ తేలింది రుద్దడం పనిచేయదని కాదు, ఎవరూ సరిగ్గా చూడలేదని. ఈ రెండింటినీ ఒకటిగా చదివే నర్సు సమీక్షను చదవనట్లే లెక్క.

మాత్రలు మాన్పించి ప్రార్థనతోనో తాయెత్తుతోనో నయం చేస్తామని చెప్పేవారి సంగతి వేరు. కంటికి కనిపించే విషయంలో అగ్ని చల్లనిదని నూరు వేదవాక్యాలు చెప్పినా అవి ప్రమాణం కాజాలవన్న భావాన్ని శంకరాచార్యులంతటివారు గీతాభాష్యం చివరి అధ్యాయంలో నిస్సంకోచంగా ప్రకటించారు. నయమవుతుందన్న మాట ప్రత్యక్షానికి అందే మాట, అది పరీక్ష నుంచి తప్పించుకోవడానికి దైవం చాటున దాగడం భక్తికే అవమానం.

మళ్ళీ బోదకాలు దగ్గరకు రావాలి. కన్యాదానంలో వరుని కాళ్ళు కడగడం, యోహాను సువార్తలో క్రీస్తు శిష్యుల పాదాలు కడగడం ఈ ఊరి వారందరికీ తెలిసిన పవిత్రఘట్టాలే. కాని చీరకుచ్చిళ్ళ కింద, పంచె కింద ఏళ్ళ తరబడి దాచుకొన్న కాలిని, వాసన వస్తుందన్న భయంతో ఇంటివారే దూరంగా పెట్టిన కాలిని పట్టుకొనేవారు అరుదు. గ్రామ సచివాలయపు ఏఎన్‌ఎం ఆ కాలిని తన చేతుల్లోకి తీసుకొని కడిగి చూపించినప్పుడు జరిగేదాన్ని 22 అధ్యయనాలు పూర్తిగా కొలవలేదు. ఆమె అలా చేయడం న్యాయమని మాత్రం అవి సాక్ష్యమిచ్చాయి. ఆ సాక్ష్యాన్ని ఆ ఇంటికి సరిపోయేలా మలచుకోవడం మిగిలిన పని. చరకుడు చెప్పిన నాలుగు పరీక్షలలో ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం తరువాత నాలుగోది యుక్తి, అంటే అనేక కారణాలు కలిసి ఒక కార్యాన్ని ఎలా పుట్టిస్తాయో కూర్చుకొని చూడగలిగే బుద్ధి. వేళ్ళ సందుల్లో తడి ఉండకూడదని సమీక్ష చెబుతుంది. నాట్ల కాలంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడే కూలీ స్త్రీకి ఆ మాట ఎలా అమలవుతుందో అది చెప్పదు. పొలం నుంచి రాగానే కడగాలా, పడుకొనేముందు కడగాలా, రోజు కూలి పోకుండా కాలికి ఎత్తు ఎప్పుడు పెట్టించాలి, కాలువ నీటితో కడగవచ్చా, కాచి చల్లార్చిన నీరే కావాలా అన్నవి ఆ ఇంటి ముంగిట తేలవలసినవే.

ఈ ప్రశ్నలకు డెల్టాలోనే జవాబులు వెతకవచ్చు. కాలు వాచినవారి జాబితా ఫైలేరియా కార్యక్రమంలో భాగంగా క్షేత్రస్థాయి సిబ్బంది దగ్గర ఎలాగూ ఉండవలసినదే కనుక, నెలకు ఎన్నిసార్లు జ్వరం వచ్చింది, ఆ నెలలో పొలం పని ఉందా లేదా, కాలు ఎప్పుడు, ఏ నీటితో కడిగారు అన్న మూడు గడులు ఆ పుస్తకంలో చేరిస్తే చాలు. రెండు మూడు వ్యవసాయ కాలాలు గడిచేసరికి, వరిపొలం కూలీల కాళ్ళ సంగతి కూడా తరువాత వచ్చే సమీక్షకు అందుతుంది. ఆ గడులు నింపవలసింది వైద్య కళాశాలల ఆచార్యులు కాదు, కాలు కడిగే ఏఎన్‌ఎంలే. వారికి ఆ పని అప్పగించేటప్పుడు, నింపిన లెక్క చివరకు ఏమి తేల్చిందో వారికి తిరిగి చెప్పే ఏర్పాటు కూడా చేయాలి.